అరికాళ్ల పొక్కులు: అంతుచిక్కనిది ఎంత, వెతకనిది ఎంత

పాదం లోపలి అంచున, మడమకీ బొటనవేలికీ మధ్య వంపులో ముందు సన్నగా మంట మొదలవుతుంది. పైకి ఏమీ కనపడదు. ఒకటి రెండు రోజులకి చర్మం అడుగున సగ్గుబియ్యం గింజలు పరిచినట్టు చిన్న చిన్న బుడిపెలు తేలతాయి. వేలితో తడిమితే గట్టిగా తగులుతాయి, కాలిన బొబ్బల్లా మెత్తగా ఉండవు. దురద మాత్రం కంటి మీద కునుకు పడనివ్వదు. గోకితే కాసేపు హాయి, ఆ వెంటనే భగ్గుమంటుంది. పక్కపక్క గింజలు కలిసిపోయి పెద్ద పొక్కవుతాయి. రెండు మూడు వారాలకి నీరు లోపలే ఇంకిపోతుంది, పై తోలు గుండ్రంగా పొరలు లేస్తుంది, కింద ఎర్రటి లేత చర్మం బయటపడుతుంది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ అదే వంపులో అదే మంట.

సగ్గుబియ్యం పోలిక నా సొంతం కాదు, చర్మవైద్యుల పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. దాని వెనక కారణం ఉంది. ఒంట్లో చాలాచోట్ల చర్మం పైపొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకి మించదు. అరికాల్లో అదే పొర మిల్లీమీటరు దాకా ఉంటుంది. ఎగ్జిమా మోచేతి మడతలో వస్తే నీరు వెంటనే చిట్లి కారిపోతుంది. పాదంలో పైకప్పు మందం కాబట్టి బయటపడే దారి లేక లోపలే గింజ కడుతుంది. అందుకే ఒకే జబ్బు చేతిమీద ఒకలా, పాదంలో మరోలా కనపడుతుంది. అంతకంటే ఇబ్బందైన సంగతి, నాలుగు వేర్వేరు జబ్బులు పాదంలోకి వచ్చేసరికి ఒకేలా కనపడతాయి.

ఇలాంటి పాదంతో మనవాళ్ళు ముందు వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, వీధి చివరి మెడికల్ షాపుకి. "తామరలా ఉందండీ, ఏదైనా ట్యూబివ్వండి" అంటే ఒక ట్యూబు చేతిలో పడుతుంది. పూస్తే మూడో రోజుకి దురద తగ్గుతుంది. ఆపిన వారానికి రెట్టింపై తిరిగొస్తుంది. ఇంకో ట్యూబు. ఆ పైన పక్కింటివాళ్ళు చెప్పిన పసరు, వేపాకు పసుపు ముద్ద, ఎవరో ఫోన్లో పంపిన చిట్కా. నెలలు గడిచి చర్మవైద్యుడి దగ్గరికి చేరేసరికి ఆ పాదం అసలు రూపం ఏమిటో ఎవరూ చెప్పలేరు. "ఎందుకొస్తుందో తెలీదట" అనే మాట పుట్టేది అక్కడే. ఈ పొక్కుల్లో నిజంగా అంతుచిక్కనివి లేకపోలేదు. కానీ అంతుచిక్కనివిగా చలామణీ అయ్యేవాటిలో ఎక్కువ భాగం, చూడాల్సినవి చూడకుండా ముందు పూసేసినవేనని నా అభిప్రాయం.

ఈ గందరగోళం కొత్తదేమీ కాదు. 1873లో లండన్ చర్మవైద్యుడు టిల్బరీ ఫాక్స్ ఈ పొక్కులను వర్ణించి, చెమట బయటికి రాలేక లోపల నిలిచిపోవడమే కారణమని భావించి, 'డిసిడ్రోసిస్' అని పేరు పెట్టాడు. మూడేళ్ళ తర్వాత జొనాథన్ హచిన్సన్ చేతుల మీద వచ్చే ఇలాంటి వాటినే 'కైరోపాంఫోలిక్స్' అన్నాడు. తర్వాతి తరాలవాళ్ళు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పొక్కులకీ చెమట నాళాలకీ నేరు సంబంధం కనపడలేదు. ఎగ్జిమాలో జరిగినట్టే చర్మకణాల మధ్య నీరు చేరి, కణాలు ఒకదానికొకటి దూరమై పొక్కు కడుతోందని తేలింది. సిద్ధాంతం పోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది. ఇప్పటికీ ప్రిస్క్రిప్షన్ మీద 'డిస్‌హైడ్రోటిక్ ఎగ్జిమా' అనో 'పాంఫోలిక్స్' అనో రాస్తారు. అలాగని చెమటని పూర్తిగా వదిలేయడానికీ లేదు. అరికాలి చర్మంలో ఒక్కో చదరపు సెంటీమీటరుకి వందల కొద్దీ చెమట గ్రంథులుంటాయి. పాదాలకి బాగా చెమట పట్టేవాళ్ళలో, వేసవిలో, బూట్లలో ఈ పొక్కులు రెచ్చిపోతాయి. చెమట అసలు దొంగ కాకపోయినా తోడుదొంగ.

మరి అసలు దొంగ ఎవరు? ఈ ప్రశ్నకి ఓపికగా జవాబు వెతికినవాళ్ళు ఫ్రాన్సులో ఉన్నారు. పాంఫోలిక్స్ ఉన్న 120 మందిని మూడేళ్ళపాటు వరసగా పరీక్షించి, 2007లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. మూడింట రెండు వంతుల మందిలో, అంటే 67.5 శాతంలో, ఒంటికి తగిలిన ఏదో వస్తువు పడకపోవడమే కారణంగా కనిపించింది: సబ్బులు, సౌందర్య సాధనాలు, లోహాలు వగైరా. పదిశాతం మందిలో కాలివేళ్ళ సందుల్లోని ఫంగస్. దాదాపు ఏడు శాతంలో లోపలికి తీసుకున్న మందో ఆహారమో. చివరికి కారణం దొరకనివాళ్ళు 15 శాతం, వాళ్ళందరికీ ఉబ్బసం, తుమ్ములు, చిన్ననాటి ఎగ్జిమా లాంటి ఎలర్జీ తత్వం ఉంది. ఇది అక్కడి లెక్క. మన ఉక్కపోతలో, మన చెప్పులతో, మన ఫంగస్‌తో ఈ అంకెలు తారుమారు కావచ్చు. కానీ ఓపిగ్గా వెతికితే వందలో ఎనభై అయిదు మందికి ఏదో ఒక ఆచూకీ దొరికిందన్నది చిన్న విషయం కాదు.

మన దగ్గర వెతుకులాట ఫంగస్‌తోనే మొదలుకావాలి. తేలిగ్గా తేలిపోయేదీ, తప్పుగా పూస్తే ఎక్కువ చెడేదీ అదే. పాదాల ఫంగస్ అంటే వేళ్ళ సందుల్లో నాని తెల్లబడి తోలు ఊడిపోవడమే అనుకుంటాం. ట్రైకోఫైటాన్ జాతిలో ఒక రకం అరికాలి వంపులో అచ్చం ఎగ్జిమాలాగే నీటిపొక్కులు తెస్తుంది. తరచూ ఒక పాదంలోనే మొదలవుతుంది, చిటికెనవేలి సందుని పట్టుకుని ఉంటుంది. అయితే కంటిచూపుతో తేల్చేయడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా సాహసమే. తేల్చేది గీకుడు పరీక్ష. మొద్దు బ్లేడుతో పొక్కు అంచుని గీకి, ఇంకా మేలైతే పొక్కు పైకప్పునే చిన్న కత్తెరతో తీసి, గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావకం చుక్క వేస్తారు. అరికాలి తోలు మొండిది కాబట్టి కరగడానికి కాస్త సమయం ఇవ్వాలి. తోలు మెత్తబడి పారదర్శకమయ్యాక మైక్రోస్కోపులో చూస్తే, ఫంగస్ ఉంటే, చర్మకణాల గీతలను లెక్కచేయకుండా అడ్డంగా పాకే సన్నటి కొమ్మల దారాలు కనపడతాయి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. చూసే కన్ను కావాలి, ముందు గీకాలన్న ఆలోచన రావాలి. ఫంగస్ క్రీము పూస్తూ పరీక్షకి వెళితే దారాలు దొరకకపోవచ్చు. అందుకని పూసేవన్నీ కొన్నాళ్ళు ఆపి రమ్మంటారు.

ఫంగస్ మరో గారడీ కూడా చేస్తుంది. అది కాలి సందుల్లో ఉంటుంది, పొక్కులేమో చేతివేళ్ళ పక్కల లేస్తాయి. చేతి పొక్కుని గీకి చూస్తే ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడ ఫంగస్ లేదు. కాలిలోని ఫంగస్ మీద ఒళ్ళు చూపే ప్రతిచర్య అది. కాలికి వైద్యం చేస్తే చేయి మానుతుంది. చేతి పొక్కులతో వచ్చినవాళ్ళని చెప్పులు విప్పమని అడగని డాక్టరు సగమే చూసినట్టు.

ఇక మెడికల్ షాపు ట్యూబు సంగతి. మన దేశంలో ఏళ్ల తరబడి అమ్ముడుపోయినవి కలగూరగంప క్రీములు. ఫంగస్ మందు, బాక్టీరియా మందు, వీటికి తోడు బలమైన స్టిరాయిడ్. స్టిరాయిడ్ దురదనీ ఎరుపునీ చిటికెలో తగ్గిస్తుంది, అదే సమయంలో చర్మం రక్షణని పడుకోబెడుతుంది. ఫంగస్ చాప కింద నీరులా పాకుతుంది, గుండ్రటి అంచులాంటి దాని గుర్తులు చెరిగిపోతాయి. ఇలా వేషం మార్చిన ఫంగస్‌కి 1968లోనే బ్రిటిష్ వైద్యులు ఐవ్, మార్క్స్ 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని పేరు పెట్టారు. గత పదిహేనేళ్ళలో భారతదేశంలో ఒంటిమీద, గజ్జల్లో మొండి తామర విజృంభించడానికి ఈ క్రీముల దుర్వినియోగం కూడా ఒక కారణమని మన చర్మవైద్యుల సంఘమే మొత్తుకుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి క్రీములూ ఉన్నాయి. 2020లో జపాన్ పరిశోధకులు, నేపాల్, భారత్ దేశాల రోగుల నుంచి తీసిన ఒక ఫంగస్‌కి 'ట్రైకోఫైటాన్ ఇండోటీనియే' అని పేరు పెట్టారు. మామూలుగా వాడే టెర్బినఫిన్‌కి అది చాలాసార్లు లొంగదు. దాని ఇష్టమైన చోటు గజ్జలూ నడుమూ, పాదం కాదు. కానీ పాదం కోసం కొన్న ట్యూబు పాదంతో ఆగుతుందా?

ఇక్కడ ఒక పాత లెక్క చెప్పాలి. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శరీరంలో ఒక్కో చోట పూసిన స్టిరాయిడ్ ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతిని ఒకటి అనుకుంటే అరికాలి వంపులో 0.14 మాత్రమే. వృషణాల చర్మంలో 42. అంటే అరికాలిలో నెలపాటు పూసినా ఏమీ కానట్టు కనిపించే మందు, మిగిలిన ట్యూబు కదా అని గజ్జల్లో రాస్తే చర్మాన్ని చిన్నాభిన్నం చేయగలదు.

గీకి చూశారు, ఫంగస్ లేదు. అప్పుడు చూపు చెప్పుల మీదికి మళ్ళాలి. నాకు ఈ అంశంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే, మనవాళ్ళు బొత్తిగా అనుమానించనిదీ ఇదే. "ఇవే చెప్పులు రెండేళ్ళుగా వేసుకుంటున్నానండీ, ఇప్పుడెందుకు పడవు?" అంటారు. ఎలర్జీ తీరే అంత. తొలి పరిచయంలో రాదు. ఏళ్ల తరబడి తగిలిన వస్తువే ఒకనాడు పగబడుతుంది. తోలు చెప్పుల్లో అనుమానితుడు క్రోమియం. ప్రపంచంలో తోలుని ఎక్కువగా క్రోమియం లవణాలతోనే పదును చేస్తారు. చెమట దాన్ని కరిగించి చర్మంలోకి పంపుతుంది. తోలు వస్తువుల్లో ఎలర్జీ తెచ్చే క్రోమియం-6 కిలోకి మూడు మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా యూనియన్ 2015 నుంచి నిబంధన పెట్టింది కూడా. రబ్బరు చెప్పుల్లో రబ్బరు పాలకన్నా దాన్ని గట్టిపరచడానికి కలిపే మెర్కాప్టో వంటి రసాయనాలే ఎక్కువ సమస్య. అడుగుని అతికించే జిగురులోని రెసిన్ ఇంకొకటి.

గుర్తుపట్టే దారులు లేకపోలేదు. హవాయి చెప్పు వార్లు తగిలే చోట పాదం మీద 'వి' ఆకారంలో దద్దురు దిగితే చెప్పు తన నేరం తానే ఒప్పుకున్నట్టు. చెప్పుల ఎలర్జీ సాధారణంగా రెండు పాదాల్లోనూ ఒకేలా వస్తుంది, వేళ్ళ సందుల్ని వదిలేస్తుంది. ఫంగస్‌ది సరిగ్గా దీనికి ఎదురు తీరు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా తిరిగి, దీక్ష విరమించి మళ్ళీ తొడిగాక పొక్కులు లేస్తే, పైసా ఖర్చు లేకుండా ఒక ప్రయోగం జరిగిపోయినట్టే. అది చలికాలం, చెమట కూడా తక్కువ కాబట్టి దాన్నే తీర్పుగా తీసుకోలేం గానీ, డాక్టరుకి తప్పక చెప్పాల్సిన సంగతి.

తీర్పు ఇచ్చేది ప్యాచ్ టెస్టు. 1890లలో యాడసాన్ అనే జర్మన్ వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి, పెద్దగా మారలేదు. అనుమానిత పదార్థాలను ఒక్కొక్కటీ చుక్కంత తీసుకుని చిన్న గిన్నెల్లో పెట్టి, టేపుతో వీపు మీద అతికిస్తారు. రెండు రోజుల తర్వాత విప్పి చూస్తారు, మళ్ళీ మూడో రోజో నాలుగో రోజో ఇంకోసారి చూస్తారు. ఎర్రగా ఉబ్బి దురద పెట్టిన గడి ఏదో అదే శత్రువు. భారతీయులకు తగిన పదార్థాల జాబితా విడిగా ఉంది, చెప్పుల కోసం ప్రత్యేక వరస ఉంది. తమ చెప్పులోంచే చిన్న ముక్క కోసి పెట్టించుకోవచ్చు కూడా. వైద్య కళాశాలల చర్మ విభాగాల్లో ఈ పరీక్ష చేస్తారు. ఒకటే షరతు, అన్నాళ్ళూ వీపు తడవకూడదు, టేపు ఊడకూడదు. విజయవాడ మే నెలలో ఆ టేపు ఒక పూట నిలవదు. దసరా దాటాక పెట్టించుకోవడం మేలు.

క్రోమియం అని తేలితే గుడ్డ బూట్లు, ప్లాస్టిక్ చెప్పులు, చెట్టు బెరడుతో పదును చేసిన తోలు దారి. కొల్హాపురీ చెప్పులు సంప్రదాయంగా అలా చేసినవే. రబ్బరు అని తేలితే పీవీసీ చెప్పులకి మారాలి. ఇలా మారి, మందు లేకుండానే బయటపడ్డవాళ్ళు ఉంటారు. వాళ్ళ జబ్బు 'అంతుచిక్కనిది' ఎప్పుడూ కాదు.

చెప్పులు కాక పాదానికి మనం స్వయంగా పూసేవీ ఉన్నాయి. ఆషాఢంలో ఆకు రుబ్బి పెట్టుకునే గోరింటాకుతో ఇబ్బంది అరుదు. నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లతోనే పేచీ. జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం వాటిలో కలిపితే, వేసిన డిజైను ఆకారంలోనే పొక్కులు లేస్తాయి, పెళ్ళికూతురి పాదాల మీద తీగలూ నెమళ్ళూ అన్నీ ఉబ్బి కనపడతాయి. ఇక పల్లెల్లో పగుళ్ళకీ ముల్లు దిగినచోటికీ నల్లజీడి నూనె పెట్టడం పాత అలవాటు. చాకళ్ళు బట్టల మీద గుర్తు వేసే నల్ల సిరా ఆ గింజదే. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకి ఆ గుర్తు తగిలిన మెడ మీదా నడుం మీదా చర్మం పొక్కి, వైద్యపత్రికలకి ఎక్కింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతుల్ని తినేసే నూనె, మామిడి సొన, నల్లజీడి అన్నీ ఒకే కుటుంబం. దురదకి మందని జిల్లేడు పాలూ నలిపిన వెల్లుల్లీ కట్టి, కాలిన గాయంతో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళ గురించి వేరే చెప్పాలా.

మిగతావాటిని వేగంగా దాటవచ్చు. రాత్రిపూట దురద, ఇంట్లో మరొకరికి కూడా ఉంటే గజ్జి. పెద్దవాళ్ళకి అరికాళ్ళలో రావడం అరుదు గానీ చంటిపిల్లల అరికాళ్ళూ అరచేతులే దానికి ఇష్టం. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకుంటేనే పోతుంది. జ్వరంతో పాటు నోట్లో పూతా చేతులూ కాళ్ళ మీద పొక్కులూ వచ్చిన పిల్లలది వైరస్, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. సముద్రపు ఒడ్డున ఇసుకలో ఉత్తికాళ్ళతో తిరిగొచ్చాక పాదంలో వంకరటింకరగా రోజూ కాస్త కాస్త జరిగే ఎర్రటి గీత కనపడితే, కుక్కల విసర్జితాల నుంచి వచ్చిన కొంకిపురుగు పిల్ల దారి తప్పి చర్మంలో పాకుతున్నట్టు. ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ మాత్రలకి పోతుంది. నీరు కాక పసుపుపచ్చ చీము చుక్కలు పదేపదే వస్తే అది వేరే జబ్బు, పొగతాగేవాళ్ళలో ఎక్కువ. ఇంగ్లండుకో కెనడాకో చదువుకి వెళ్ళిన మన పిల్లలు మొదటి శీతాకాలంలో ఫోన్ చేసి, "అమ్మా, కాలివేళ్ళు ఎర్రగా ఉబ్బి దురద, మంట" అంటే అది బహుశా చలి తడి వల్ల వచ్చే చిల్‌బ్లెయిన్స్. పొక్కు కూడా కట్టొచ్చు. హీటరుకి కాళ్ళు ఆనించడం దాన్ని ఇంకా చెడగొడుతుంది.

వయసు పైబడినవాళ్ళ విషయంలో మాత్రం ఆగాలి. అరవై దాటాక జీవితంలో మొదటిసారి పాదాల్లో దురదతో పొక్కులు మొదలై, నెమ్మదిగా ఒళ్ళంతా పెద్ద బొబ్బలు లేస్తే అది ఎగ్జిమా కాకపోవచ్చు. బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బు కొన్నిసార్లు అచ్చం పాంఫోలిక్స్‌లాగే అరికాళ్ళలో మొదలవుతుంది. సొంత రక్షణ వ్యవస్థే చర్మం పొరల్ని కలిపి ఉంచే అతుకుని తెగ్గొడుతుంది. చిన్న చర్మం ముక్క తీసి ప్రత్యేక కాంతి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. షుగరుకి వాడే గ్లిప్టిన్ మందులకీ, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్‌కీ, ఈ జబ్బుకీ సంబంధం ఉందని పలుదేశాల పరిశోధనలు చూపాయి. 2019 చివర్లో పేటెంటు ముగిసి చవకయ్యాక ఆ మాత్ర మన ఊళ్ళలో విరివిగా వాడకంలోకి వచ్చింది. దాన్ని వాడేవాళ్ళలో పొక్కులొచ్చేది చాలా కొద్దిమందికే కాబట్టి ఎవరూ తమంతట తాము మాత్ర ఆపకూడదు. కానీ చర్మవైద్యుడికి మందుల చీటీ చూపించాలి. షుగరు ఉన్నవాళ్ళకి ఏ దురదా నొప్పీ లేకుండా రాత్రికి రాత్రి పాదంలో పెద్ద నీటిబొబ్బ లేవడం ఇంకొక రకం. దాన్ని గుచ్చకుండా కాపాడుకుంటే కొన్ని వారాల్లో మానుతుంది. స్పర్శ తగ్గిన పాదానికి వేడినీళ్ళ కాపడం, సొంత సూది వైద్యం రెండూ చేటు.

తిండి మీద అపవాదు మనకి అలవాటే. దురద అనగానే వంకాయ, గోంగూర, చేపలు బంద్. వైద్యశాస్త్రంలోనూ ఒక తిండి వాదం ఉంది గానీ అది నికెల్ లోహానిది. నికెల్ పడనివాళ్ళలో కొందరికి జీడిపప్పు, వేరుశనగ, పప్పుధాన్యాలు, చాక్లెట్ లాంటి నికెల్ ఎక్కువున్న ఆహారం పొక్కుల్ని రేపుతుందని చూపారు. రుజువులు కొన్ని ఉన్నాయి, బలం అంతంత మాత్రం. ప్యాచ్ టెస్టులో నికెల్ తేలి, మిగతా వైద్యం పనిచేయనప్పుడు కొన్నాళ్ళు ప్రయత్నించి చూడొచ్చు. పప్పు లేని తెలుగు భోజనం ఎన్నాళ్ళు సాగుతుందో ఆలోచించుకుని మొదలుపెట్టాలి. ఏ పరీక్షా లేకుండా కూరలు మానేయడం మాత్రం నోరు కట్టుకోవడమే తప్ప వైద్యం కాదు.

కారణం తెలిసినా తెలియకపోయినా, పొక్కులు మండుతున్న ఈ వారం గడవాలి కదా. నీరూరే దశలో క్రీములకన్నా తడి నయం. పొటాషియం పర్మాంగనేట్ లీటరు నీటికి 0.1 గ్రాము, అంటే లేత గులాబి రంగు వచ్చేంత, కలిపి పదిహేను నిమిషాలు పాదాలు ముంచితే పొక్కులు ఎండుతాయి. ముదురు ఊదా రంగుదైతే చర్మం కాలుతుంది. పలుకులు వేరే గిన్నెలో పూర్తిగా కరిగించి వడపోసి టబ్బులో పోయాలి, కరగని పలుకు అంటుకున్నచోట పుండు పడుతుంది. గోళ్ళు గోధుమరంగు తిరుగుతాయి, భయం లేదు. పొరపాటున మింగితే ప్రాణాపాయం. ఇంగ్లండులో ఆసుపత్రుల్లోనే ఈ పొరపాట్లు జరిగి 2022లో దేశవ్యాప్తంగా హెచ్చరిక జారీచేశారు. పొక్కులు ఎండగానే ఇది ఆపాలి, లేకపోతే చర్మం బీటలువారుతుంది. ఆ పైన రాత్రిళ్ళు దట్టంగా పెట్రోలియం జెల్లీ, మీద పల్చటి నూలు సాక్సు.

చిన్న పొక్కుల్ని గుచ్చడం దండగ. నడవనివ్వని పెద్ద పొక్కైతే డాక్టరు దగ్గర శుభ్రమైన సూదితో అంచున నీరు తీయించుకుని, పై తోలుని కట్టులా అలాగే ఉంచాలి. రాత్రి దురదకి సలసల కాగే నీళ్ళు పోసుకునేవాళ్ళు చాలామంది. ఆ క్షణానికి స్వర్గంలా ఉంటుంది, గంటకి దురద వడ్డీతో తిరిగొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన తడిబట్ట పది నిమిషాలు చుట్టడం అంతకన్నా మెరుగు. సిట్రిజిన్ మాత్రలతో ఎగ్జిమా దురద పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఆ దురద నడిచేది ఎక్కువగా హిస్టమిన్ దారిలో కాదు. మగతతో నిద్ర పడితే అది వేరే లాభం.

ఫంగస్ లేదని తేలాక స్టిరాయిడ్ అంటే జంకాల్సిన పనిలేదు. మందమైన అరికాలికి బలహీనమైన క్రీము ఆనదు, బలమైనదే కొన్ని వారాలపాటు డాక్టరు చెప్పిన లెక్కలో రాయాలి. చూపుడువేలి చివరి గీత వరకూ ట్యూబు నుంచి పిండితే వచ్చేది అరగ్రాము. ఒక పాదం మొత్తానికి అలాంటివి రెండు చాలు. చాలామంది పిసినారితనంగా రాసి పనిచేయలేదంటారు, లేదా గోరింటాకులా పట్టిస్తారు.

బూట్లు విప్పే వీల్లేని ఉద్యోగాలవాళ్ళకి, పోలీసులకీ ఫ్యాక్టరీ కార్మికులకీ, నేను చూసినంతలో ఎక్కువ మేలు చేసేది రెండో జత. ఒక రోజు వేసినది మర్నాడంతా ఆరాలి. మధ్యాహ్నం సాక్సు మార్చాలి. డాక్టరు అపాయింటుమెంటు దొరికేలోగా పొక్కులు ఎండిపోవడం ఈ జబ్బు వాళ్ళ శాశ్వత ఫిర్యాదు, కాబట్టి విజృంభించిన రోజునే పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసుకోవాలి. ఇంట్లో తువ్వాలు వేరు, బకెట్టు వేరు అని దూరం పెట్టేవాళ్ళకి చెప్పాల్సింది, ఎగ్జిమా అంటదు. అంటేవి ఫంగసూ గజ్జీ. పొక్కుల్లో చీము, కాలు ఎర్రగా వాచి వేడెక్కడం, జ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్ళకి మరీ ముఖ్యం. వేళ్ళ సందుల్లోని చిన్న పగులు నుంచే వాళ్ళకి వాపు జ్వరాలు మొదలవుతాయి. ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది.

అన్నీ చూశాక కూడా కారణం దొరకనివాళ్ళు మిగులుతారు. ఏళ్ళ మీద వీళ్ళలో చాలామందికి పొక్కుల రాకడ పల్చబడుతుంది గానీ, అప్పటిదాకా వైద్యం కావాలి. టాక్రోలిమస్ పూత, అతినీలలోహిత కాంతి చికిత్స, అవసరమైతే రోగనిరోధకతను తగ్గించే మాత్రలు చర్మవైద్యుల చేతిలో ఉన్నాయి. చేతులూ కాళ్ళలో ఎలర్జీ తత్వపు ఎగ్జిమా మొండిగా ఉన్న 133 మంది మీద డ్యూపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌ని పరీక్షించారు. పదహారు వారాలకి మందు తీసుకున్నవాళ్ళలో నలభై శాతం మందికి చర్మం దాదాపుగా తేటపడింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో అది పదిహేడు శాతం. ధర మన మధ్యతరగతికి అందేది కాదు, అరవై శాతానికి అంత మేలు జరగలేదు కూడా. ఆ పరీక్షలో ఎవరినైనా చేర్చుకునే ముందు ప్యాచ్ టెస్టు చేసి, తగిలిన వస్తువు వల్ల వచ్చిన ఎగ్జిమా అని తేలినవాళ్ళని పక్కకు తప్పించారు.